ఇకెబానా తరగతిలో పూలు తీసేస్తుంటే మనసు ఒప్పుకోవడం లేదు: ఏ దృష్టితో నేర్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది వరంగల్. రెండేళ్లుగా యొకొహామాలో ఉంటున్నాను. మూడు నెలల క్రితం ఇకెబానా, అంటే జపాను పూల అమరిక కళలో, సొగెత్సు అనే పద్ధతి నేర్పే ఒక తరగతిలో చేరాను. బతుకమ్మకు గునుగు, తంగేడు పూలను సందు కనిపించకుండా పేర్చడం చిన్నప్పటి నుంచి నా చేతులకు అలవాటు. మాల కట్టినా ఒత్తుగా ఉంటేనే అందమని మా అమ్మ నేర్పింది. ఇక్కడ నేను అమర్చడం పూర్తిచేసిన ప్రతిసారీ సెన్సెయ్ (గురువు) వచ్చి, ఏమీ అనకుండా సగం పూలు తీసేసి, ఒక కొమ్మను కాస్త ముందుకు వాల్చి వెళ్తారు. తీసేశాక బాగుందని నాకూ తెలుస్తోంది, అయినా తరువాతి వారం మళ్లీ అలాగే నింపేస్తున్నాను. కొలతలనూ కోణాలనూ ముందు బట్టీ పట్టాలా, లేక వాటిని పక్కన పెట్టి మనసుకు తోచినట్టు అమర్చాలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను పదకొండేళ్లుగా ఇదే పద్ధతిని సాధన చేస్తున్నాను. కొలతల కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది దాన్ని దాటవేస్తారు. కత్తెర పట్టుకోకముందే కొమ్మను చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా తిప్పుతూ, అది చెట్టుమీద ఉన్నప్పుడు ఏ వైపు ఎండను చూసిందో, ఆకుల ముఖం ఎటుందో, ఎక్కడ వంపు తిరిగిందో గమనించండి. ఆ వంపు దొరికేదాకా కత్తిరించవద్దు, ఎందుకంటే ఒకసారి కురచైన కొమ్మ మళ్లీ పొడవు కాదు.

ఆ తరువాతే కొలతలు. మీ పళ్లెం వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 5 అనుకుంటే రెండూ కలిపి 35. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 52 సెంటీమీటర్లు, ప్రధానమైన షిన్ కొమ్మ పొడవు. అందులో ముప్పాతిక రెండో కొమ్మ సోఎ, సోఎలో ముప్పాతిక మూడో కొమ్మ హికాఎ. నిలువు గీత నుంచి షిన్ 15 డిగ్రీలు, సోఎ 45, హికాఎ 75 డిగ్రీలు వాలుతాయి. సంగీతంలో సరళీ వరుసలు ఎలాంటివో ఇవి అలాంటివి; వాటిని దాటి పాడే రోజు వస్తుంది గాని, వాటిని వదిలేసి మొదలుపెట్టలేము. 1927లో ఈ పద్ధతిని స్థాపించిన సోఫు తెషిగహారా ఎవరైనా, ఎక్కడైనా, ఏ వస్తువుతోనైనా అమర్చవచ్చని నమ్మారు. అయినా ఆయన పద్ధతిలో విద్యార్థి తొలి పాఠం ఈ మూడు కొమ్మలే.

ఆ మూడూ కెన్జాన్ (కాడలను గుచ్చి నిలిపే ముళ్ల దిమ్మ) ముళ్లలో నిలిచాక చేతులు వెనక్కి తీసుకుని, షిన్‌కూ సోఎకూ మధ్య ఉన్న ఖాళీని చూడండి. ఆ ఖాళీ మీరు నింపాల్సిన లోటు కాదు, మీరు కొమ్మలతో గీసిన ఆకారం. ఆ తరువాత పెట్టే ప్రతి పువ్వునూ ఒక్కొక్కటిగా పెట్టి, లేచి రెండడుగులు వెనక్కి వెళ్లి చూడండి. తీసేసినా తేడా తెలియని పువ్వు అక్కడ అక్కర్లేదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఒత్తుగా పేర్చే అలవాటును మీరు తప్పుగా భావించవలసిన పని లేదు. ఈ కళకు కూడా మూలం దేవుని ముందు పూలు పెట్టడమే. క్యోటోలోని రొక్కకుదో ఆలయంలో బుద్ధునికి పూలు సమర్పించిన పూజారుల నుంచే ఇకెబానాలోని ఇకెనొబో అనే సంప్రదాయం పెరిగింది. అక్కడి పూజారి సెన్కెయ్ అమర్చిన పూలను చూడటానికి నగరవాసులు పోటీపడ్డారని 1462 నాటి ఒక దినచర్యలో రాసి ఉంది. ఆ తరువాత రూపుదిద్దుకున్న రిక్కా పద్ధతిలో ఏడు, తొమ్మిది ప్రధాన కొమ్మలతో అమరిక ఎంతో నిండుగా ఉంటుంది. కాబట్టి నిండుదనం జపానుకు పరాయిది కాదు, కాకపోతే అక్కడ ప్రతి కొమ్మకూ తనదైన చోటు ఉంటుంది.

ఇక జపాను తేనీటి వేడుక గురువు సెన్ నొ రిక్యూ గురించి ఒక కథ చెబుతారు. ఆయన తోటలో విరగబూసిన అసగావొ తీగపూలను చూడాలని పాలకుడు హిదెయోషి వస్తే, తోటలో ఒక్క పువ్వూ మిగల్లేదట. కినుకతో గదిలోకి అడుగుపెట్టిన హిదెయోషికి ఎదురుగా ఒకే ఒక్క పువ్వు కనిపించిందట. రిక్యూ మిగిలినవన్నీ కోసేయడంలో నాకు ఇప్పటికీ కొంత కాఠిన్యం కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క పువ్వును హిదెయోషి ఎంతగా చూసి ఉంటాడో ఆలోచించండి.

మూడవ సమాధానం

తత్త్వం గురించి ఇప్పుడే ఎక్కువగా ఆలోచించవద్దని నా సలహా. ప్రశాంతత కోసం ప్రయత్నిస్తూ కూర్చుంటే చేయి కదలదు. సెన్సెయ్ దిద్దడానికి ముందు ఒక ఫొటో, దిద్దిన తరువాత ఒక ఫొటో తీసుకోండి. పూలను వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చి, కాడలను నీటిలో ముంచి అడుగున కొంచెం కత్తిరించి, అదే అమరికను మీ అంతట మీరు మళ్లీ చేయండి. అసలు పాఠం అప్పుడే ఒంటబడుతుంది. అలాగే, ఫలానా పువ్వును ఎందుకు తీశారని మర్యాదగా అడగండి. ఆవిడ దిద్దుతున్నారంటే మీ అమరికను శ్రద్ధగా చూస్తున్నారనే అర్థం, మీరు చిన్నబుచ్చుకోనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్నటి తరగతిలో మొదట కొమ్మను తిప్పి చూడటానికే చాలాసేపు తీసుకున్నాను. మూడు కొమ్మలు నిలిపాక రెండే చామంతులు పెట్టాను, ఇంకో మూడు పక్కన మిగిలాయి. సెన్సెయ్ ఈసారి ఒకే ఒక్క ఆకు తీశారు. ఎందుకని అడిగితే, అది హికాఎ ముందున్న నీటిని కప్పేస్తోందని చెప్పారు. పళ్లెంలోని నీటిని కూడా చూడాలని నాకు అంతవరకూ తట్టలేదు. మిగిలిన చామంతులతో ఈ ఉదయం ఇంట్లో మళ్లీ మొదలుపెట్టాను.