ఎడారిలో కలిపి నాటిన చెట్లు మట్టిని బాగుచేస్తుంటే, మన దిబ్బల మీద సరుగుడు ఒక్కటే ఎందుకు?

దిబ్బమీద తోట (అంతర్వేది వైపు):
అందరికీ నమస్కారం. మా ఊరి సముద్రపు ఒడ్డున ఉమ్మడి దిబ్బ ఒకటి ఉంది. ఈ వేసవిలో సరుగుడు కోత అయిపోయింది. మళ్ళీ సరుగుడే వేద్దామని ఎక్కువమంది అంటున్నారు. నేను మాత్రం సగం సరుగుడు వేసి, మిగతా సగంలో కానుగ, వేప, జీడిమామిడి, పొన్న, తాటి కలిపి వేద్దామంటున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ ఇసుకను చూస్తున్నాను, ఎన్ని కోతలు అయినా జానెడు లోతు తవ్వితే అదే తెల్ల ఇసుక. ఇన్నేళ్ళు చెట్టు నిలబడిన చోట మట్టి పుట్టలేదంటే నాకు బాధగా ఉంది.

ఎడారుల్లో జరిగినదాని గురించి చదివాక నా పట్టు ఇంకా పెరిగింది. చైనా 1978లో ఉత్తరాన ఎడారి అంచు పొడవునా గాలికి అడ్డంగా చెట్లు నాటడం మొదలుపెట్టింది. అక్కడి నింగ్‌షియా ప్రాంతంలో వరసలకు వరసలు పాప్లర్ చెట్టు ఒక్కటే వేశారు. పొడుగు మీసాల పురుగు ఒకటి కాండాలు తొలిచేస్తే కోట్ల చెట్లు పోయాయి. అదే నత్రజని పట్టే చెట్టును, పట్టని చెట్టును కలిపి నాటిన చోట్ల రెండు రకాల ఆకు రాలి, వేళ్ళు వేరువేరు లోతులకు దిగి, పైమట్టిలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్ళిన ఆకు, వేళ్ళ నుంచి చేరే సారం, పెరుగుతుంది. ఎడారికే అది సాధ్యమైతే వానలు పడే మన ఒడ్డుకు ఎందుకు కాదు?

సర్వితోట రైతు (సఖినేటిపల్లి):
తమ్ముడూ, నీ ఆశను కాదనను. కానీ సరుగుడు మీద నింద వేస్తే ఒప్పుకోను. అది చిక్కుడు జాతి కాకపోయినా దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఉప్పు గాలిని ఎదురుగా తట్టుకుంటుంది. 1996 నవంబరు తుఫాను రాత్రి మా తోట సగం విరిగిపోయింది. అయినా దాని వెనక ఉన్న మూడు ఇళ్ళ కప్పులు నిలిచాయి. నా కళ్ళతో చూసిన సంగతి ఇది. నాలుగైదేళ్ళకు కర్ర అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, పొన్న ఎప్పుడు ఇస్తుంది?

ఎడారి సంగతే ఎత్తావు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. చైనాలోనే లోయెస్ పీఠభూమి మీద తుమ్మలాంటి రొబీనియా చెట్లు, కరగానా పొదలు విపరీతంగా నాటారు. పైన పచ్చగా ఉంది. కింద కొన్ని మీటర్ల లోతులో తేమ పూర్తిగా లాగేసిన పొడి పొర ఏర్పడింది. పడే వాన ఆ పొర దాకా దిగదు. రకాలు ఎన్ని కలిపినా అందరూ తాగేది ఒకే కుండలో నీళ్ళు కదా.

రాజోలు మాజీ సైనికుడు:
ఇద్దరూ చెప్పింది సబబేనండి. నేను ఉద్యోగంలో ఉండగా జైసల్మేర్‌లో నాలుగేళ్ళు, జోధ్‌పూర్‌లో రెండేళ్ళు ఉన్నాను. అక్కడ రైతులు సజ్జ చేలో జమ్మి చెట్టును నరకరు. మనం దసరాకు పూజ చేసే అదే జమ్మి. చెట్టు కింద సజ్జ మిగతా చేనుకంటే ముదురు రంగులో ఉంటుంది. మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు. మన దగ్గర గట్టు మీద చెట్టు నీడ పడితే వరి పలచబడుతుంది కదా. అక్కడ నీడే మేలు చేస్తుంది. జమ్మి వేరు బాగా లోతుకు పోతుంది, సజ్జ వేరు పైపైనే ఉంటుంది, ఒకదాని నీళ్ళకు ఒకటి అడ్డురావు. ఆకు పశువులకు, కాయ కూరకు. గాలిలో కొట్టుకొచ్చే మెత్తటి ధూళి చెట్టు మొదట్లో ఆగి ఇసుకకు కాస్త బిగువు ఇస్తుంది.

కానీ చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం చూస్తే మీరు దాన్ని అడవి అనరు. జైసల్మేర్ వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా కష్టం. ఆ నీటికి ఎన్ని చెట్లు బతుకుతాయో వాళ్ళ తాతలకు లెక్క తెలుసు. ఆ లెక్క తప్పి సర్కారు తుమ్మ విచ్చలవిడిగా పెరిగిన చోట గడ్డి కూడా మొలవడం లేదు, పశువులు ఉన్నవాళ్ళు మొత్తుకుంటున్నారు.

మట్టి చదువు (అమలాపురం):
వ్యవసాయ డిగ్రీ చదివి మట్టి పరీక్షల పనిలో ఉన్నాను. కొంచెం పెద్దదిగా రాస్తున్నాను, క్షమించండి.

ఎడారిలో మట్టి ఎలా పుడుతుందో బాగా తెలిసిన చోటు చైనాలోని షాపోతౌ. టెంగర్ ఎడారి అంచున బావోతౌ నుంచి లాన్‌జౌ వెళ్ళే రైలు మార్గం అక్కడ ఇసుక దిబ్బల మధ్యనుంచి పోతుంది. 1958లో ఆ మార్గం తెరిచారు. పట్టాల మీదికి ఇసుక రాకుండా మీటరుకు మీటరు గళ్ళుగా ఎండుగడ్డి పాతి, ఆ గళ్ళలో కరగానా, ఆర్టిమీసియా లాంటి పొదలు కలిపి నాటారు. వాన 200 మిల్లీమీటర్ల లోపే, నీళ్ళు పెట్టలేదు. గడ్డి గాలిని నేల దగ్గర ఆపింది. పొదలు ధూళిని పట్టాయి. కొన్నేళ్ళకు ఇసుక పైన నాచు, నాచులాగే పైన పొరగా పెరిగే లైకెన్లు కలిసిన పెచ్చు కట్టింది. ఆ పెచ్చులోనే కర్బనం, నత్రజని చేరాయి. అంటే చెట్టు వేసిన వెంటనే మట్టి రాదు, దశాబ్దాలు పడుతుంది, అదీ పైన కొద్ది సెంటీమీటర్లలో.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఆ పెచ్చు వాననీటిని పైపైనే పట్టేసుకుంది, లోతు వేళ్ళకు తేమ అందలేదు. పొదలు పలచబడి, చిన్న గడ్డిమొక్కలు వాటి చోటుకు వచ్చాయి. నాటినప్పటి కలయిక అలాగే ఉండిపోలేదు. బాబాయిగారు చెప్పిన పొడి పొర, తమ్ముడు చెప్పిన కర్బనం, రెండూ ఒకే చోట జరగగలవు.

కలపడం వల్లే మేలనీ అనలేం. మధ్య ఆసియాలో ఎండిపోయిన అరల్ సముద్రం అడుగున ఉప్పు ధూళి ఎగరకుండా సాక్సాల్ అనే ఎడారి చెట్టు నాటుతున్నారు. గాలికి అది చాలా మేలు. అయితే ఆ చెట్టు లోతు నుంచి ఉప్పు లాగి లేత కొమ్మల్లో దాచుకుంటుంది, అవి రాలితే చెట్టు కింద పైమట్టిలో ఉప్పు పెరుగుతుంది. ఏ చెట్టు ఏం రాలుస్తుందన్నదే మట్టికి తెలుస్తుంది, పేర్ల జాబితా తెలియదు.

ఇక మన డెల్టా. ఇక్కడ ఏటా 1000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, కాబట్టి ఎడారి నీటి భయాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. మన దిబ్బల కింద ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొర ఉంది, మన ఊటబావులు బతికేది దాని మీదే. దాన్ని చెట్టుకంటే మోటారు ఎక్కువ చెడగొడుతోంది. నిజమైన ఇబ్బంది ఇసుకే. బంకమట్టి లేని చోట కర్బనం నిలవదు, వేడికీ తేమకీ ఆకు తొందరగా కరిగిపోతుంది. అందుకని రాలేది ఆగకుండా రాలుతూ ఉండాలి, నేల మీదే ఉండాలి. నాలుగేళ్ళకోసారి మొత్తం నరికితే మళ్ళీ మొదటికే.

పుల్లలేరే ఆడపడుచు (కేశనపల్లి):
అన్నయ్యలూ, ఎవరూ అడగలేదు గానీ ఆ ఆకు ఎక్కడికి పోతుందో నేను చెప్తాను. మా పొయ్యిలోకి. మా అమ్మ ఊడ్చింది, నేను ఊడుస్తున్నాను. సరుగుడు ఆకు బాగా అంటుకుంటుంది. గ్యాస్ బండ ఉంది, కానీ నెలాఖరుకి బండ అయిపోతే మాకు టెన్షన్, దిబ్బే దిక్కు. వారానికి రెండుసార్లు తోపంతా చీపురుతో ఊడ్చి గోనెసంచుల్లో తెచ్చుకుంటే ఇసుక తెల్లగా కాక ఎలా ఉంటుంది? అక్కడ కానుగ వేసినా, వేప వేసినా మేము ఊడ్చేస్తాం. మట్టి పుట్టాలంటే మాతో మాట్లాడాలి. ఊడవొద్దని బోర్డు పెడితే మా వంట ఆగిపోతుంది. కొన్ని వరసలు మాకు వదలండి, మిగతావాటి జోలికి మేం రాము.

సర్వితోట రైతు:
అమ్మాయ్, ఇన్నేళ్ళు అదే తోపులో తిరిగి నాకు ఈ మాట తట్టలేదు. నా తోటలోనూ అంతే జరుగుతోంది. తమ్ముడూ, ముందు వరసలు మాత్రం సరుగుడే ఉంచు, ఇంకా ముందు మొగలి, ఇసుక మీద రావణాసురుడి మీసాల గడ్డి, బాలబంద తీగ పీకకుండా వదులు. లేత కానుగ మొక్కను ఉప్పు గాలికి ఎదురుగా పెడితే మాడిపోతుంది. వెనక సగంలో నీ ఇష్టం. అయితే అన్నీ ఒకేసారి కోయకుండా విడతలుగా కోద్దాం, ఈ ఒక్కటీ నేను ఊళ్ళో మాట్లాడతాను.

దిబ్బమీద తోట:
బాబాయిగారూ, ఆ మాట మీరే ఊళ్ళో ఎత్తితే చాలు. అక్కా, మీరు చెప్పింది చదివి నిన్న సాయంత్రం దిబ్బ మీదికి వెళ్ళాను. తోపు మూలన ముళ్ళకంప అడ్డం ఉండి ఎవరూ ఊడవని జాగా కొంచెం ఉంది. అక్కడ చేత్తో తవ్వితే పైన మూడు వేళ్ళ మందాన నల్లగా, తడిగా ఉంది. పది అడుగుల అవతల ఊడ్చిన చోట పొడి ఇసుక. చెట్టు రెండు చోట్లా సరుగుడే.

కలిపి నాటాలన్న నా మాట మార్చుకోలేదు. పురుగు వస్తే అన్నీ ఒకేసారి పోకూడదు, ఆకు ఏడాది పొడవునా వేరువేరు నెలల్లో రాలాలి. అయితే ఈసారి ఊడ్చే వరసలు, ఊడవని వరసలు ముందే పంచుకుని, ఏ వరసలు మీకు కావాలో మీరే చూపించాక నాటతాం. రెండు చోట్ల మట్టి ఇప్పుడే సంచుల్లో తీసి పెట్టాను, అమలాపురం తీసుకొస్తాను. పరీక్ష చేసి పెట్టగలరా? ఇంకొకటి, పొన్న కాయలు ఎవరి పెరట్లోనైనా రాలుతుంటే పారేయకండి, వచ్చి తీసుకుంటాను.