ఆమిష్ ఇంటి కథకు ఒక తెలుగు మాట: వెలివేయడమా, పుచ్చుకోకపోవడమా?

సమూహంలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నేను 15, 16 ఏళ్ళ పిల్లల కోసం తెలుగులో ఒక భయానక నవల రాస్తున్నాను. కథంతా అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీలో, ఒక ఆమిష్ రైతు ఇంట్లో జరుగుతుంది. ఆమిష్‌లంటే ఆధునిక సౌకర్యాలకు దూరంగా, తమ కట్టుబాట్లతో బతికే ఒక క్రైస్తవ శాఖవారు. ఆ ప్రాంతానికి గంట ప్రయాణం దూరంలో 11 ఏళ్ళుగా ఉంటున్నాను కనుక అక్కడి బూడిదరంగు కప్పు గుర్రపుబండ్లూ, ఆడవాళ్ళు తల మీద పెట్టుకునే పల్చని తెల్ల టోపీలూ, కరెంటు తీగ రాని ఇళ్ళూ నాకు కంటికి అలవాటైనవే. ఆరు అధ్యాయాలు సాఫీగా సాగాయి. ఏడో అధ్యాయంలో ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయి మూడు వారాలైంది. ఆ మాట 'మైడుంగ్'.

ఆమిష్‌లు ఇంట్లో మాట్లాడుకునేది పెన్సిల్వేనియా జర్మన్. ప్రార్థనకూ, బైబిలు పఠనానికీ వాడేది పాతకాలపు గ్రాంథిక జర్మన్. తప్పు చేసి, ఒప్పుకోని సభ్యుని విషయంలో వారికి రెండు మాటలున్నాయి. ఒకటి 'బాన్', రెండోది 'మైడుంగ్'. బాన్ అంటే సంఘం నుంచి తీసివేయడం, ఆ నిర్ణయాన్ని ఆరాధనలో అందరి ముందూ ప్రకటిస్తారు. మైడుంగ్ అంటే ఆ తరువాత సభ్యులందరూ ఆ మనిషి పట్ల నడుచుకోవలసిన తీరు. జర్మన్‌లో 'మైడెన్' అంటే తప్పించుకు తిరగడం, దూరంగా మెలగడం. ఈ రెండూ వేరువేరు అనడానికి వారి విశ్వాస ప్రకటనే సాక్ష్యం. 1632లో డచ్ పట్టణం డోర్ట్‌రెఖ్ట్‌లో రాసుకున్న ఆ ప్రకటనలో 18 అంశాలుంటే, తీసివేయడం గురించి 16వది, దూరంగా మెలగడం గురించి 17వది.

ఆమిష్‌లు వేరే శాఖగా ఏర్పడడానికి ముఖ్య కారణం కూడా ఈ మాటే. 1693లో స్విట్జర్లండ్, అల్సాస్ ప్రాంతాల అనాబాప్టిస్టుల మధ్య, అంటే పెద్దయ్యాక తెలిసి తీసుకునేదే బాప్తిస్మం అనే క్రైస్తవుల మధ్య, వివాదం వచ్చింది. సంఘం తీసివేసిన మనిషిని ప్రభువు బల్ల దగ్గర, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునేచోట, దూరంగా ఉంచితే చాలునని హాన్స్ రైస్ట్ పక్షం వాదించింది. ఇంట్లో అన్నం తినే బల్ల దగ్గర కూడా దూరంగా ఉంచవలసిందేనని యాకోబ్ అమ్మన్ పట్టుబట్టాడు. ఆయన వెంట నడిచినవారే ఆమిష్‌లు. ఆయన పేరే వారి పేరయింది.

ఇప్పుడు నా చిక్కు చెబుతాను. నాకు మొదట తట్టిన మాట సహజంగానే 'వెలి'. 'అమ్మాయిని వెలివేశారు' అని రాసి మరుసటి రోజు చదువుకుంటే, నా మనసులో ఆ పిల్ల ఊరి బయట, చెట్టు కింద, మూటతో కూర్చుని కనిపించింది. నేను రాస్తున్నది అది కాదు. నా కథలో పిల్ల ఇంట్లోనే ఉంటుంది, తన గదిలోనే పడుకుంటుంది. తల్లి వండినదే తింటుంది, కాని వేరే బల్ల మీద తింటుంది. ఆ బల్లను పెద్ద బల్లకు జానెడు దూరంలో వేస్తారు. తల్లి ఆమెతో మాట్లాడుతుంది, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. ఒక్కటి మాత్రం చేయదు. కూతురు చేతి నుంచి దేన్నీ అందుకోదు. పిల్ల రొట్టె పళ్ళెం తెస్తే బల్ల మీద పెట్టి వెనక్కు జరగాలి, ఆ తరువాత తల్లి దాన్ని తీసుకుంటుంది. కట్టుబాటు ఎంత గట్టిగా పాటిస్తారన్నది ఆమిష్ శాఖల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, గట్టిగా పాటించేచోట తీరు ఇదే. తీసివేసిన మనిషికి సాయం చేయవచ్చు, ఆ మనిషి నుంచి సాయం పొందకూడదు. ఆ మనిషి తోలే బండి ఎక్కకూడదు, ఆ మనిషి చేతి డబ్బు తీసుకోకూడదు.

నా నవలలోని భయమంతా ఆ జానెడు సందులోనే ఉంది. ఒక రాత్రి దీపం ఆర్పేశాక ఆ పిల్ల చీకట్లో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వస్తుంది. అలవాటుగా బల్ల మీద పెట్టబోతుండగా, నాలుగు నెలలుగా ఎవరూ అందుకోని ఆమె చేతిలోంచి, ఎవరో ఆ గ్లాసును అందుకుంటారు. ఆమెకు మొదట కలిగేది భయం కాదు, సంతోషం. ఈ చోటు పాఠకుడికి తగలాలంటే, అంతకుముందు అరవై పేజీలుగా తల్లి నోట పలికే మాట సరైనదై ఉండాలి. 'బహిష్కరణ' అంటే కమిటీ తీర్మానంలా ఉంటుంది, ఏ తల్లీ వంటింట్లో ఆ మాట అనదు.

ఇంకొక్క విషయం. ఇటువంటి నేపథ్యంతో పిల్లల కోసం వచ్చే కథల్లో తరచుగా కనిపించే ఒక పొరపాటు నేను చేయదలచుకోలేదు. బాప్తిస్మం తీసుకోని పిల్లలకు మైడుంగ్ వర్తించదు. 16 ఏళ్ళ నుంచి వారికి 'రుమ్‌స్ప్రింగా' అనే కాలం మొదలవుతుంది, ఆ మాటకు అర్థం చుట్టూ తిరగడం, పరుగులు తీయడం. ఆ రోజుల్లో హద్దు మీరినా, చివరికి సంఘంలో చేరకుండా వెళ్ళిపోయినా వారిని ఈ శిక్ష తాకదు. మోకరించి మాట ఇచ్చాక తప్పినవారికే అది. సాధారణంగా 18 దాటాకే ఆ మాట ఇస్తారు. నా కథలో పిల్ల తమ్ముడు చనిపోయిన దుఃఖంలో 17వ ఏటనే బాప్తిస్మం తీసుకుంటుంది. తరువాత గుర్రాల కొట్టంలో ఏదో భయానకమైనదాన్ని చూస్తుంది. చూసింది అబద్ధమని మోకరించి చెప్పమంటారు, ఆమె చెప్పదు.

ఆ ఇంటికి తగిన మాట మీ దగ్గర ఉంటే దయచేసి చెప్పండి.

పాలమూరు నుంచి ఒక సభ్యుని జవాబు

అక్కా, నమస్తే. మా తాత కాలం నుంచి మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. మెన్నోనైట్లు, ఆమిష్‌లు ఒక్క అనాబాప్టిస్టు వేరు నుంచే వచ్చారని మా సంఘంలో చిన్నప్పుడే చెప్పారు కనుక మీ టపా చదువుతుంటే దూరపు చుట్టాల ఇంటి కబురు విన్నట్లయింది. మా దగ్గర మీరు చెప్పిన రెండో బల్ల లేదు. ఎవరైనా తప్పు చేస్తే 'బల్ల తీసుకోకుండా ఆపారు' అంటాం, అంటే సంస్కారంలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరని అర్థం. ఇంటికి వస్తే మాత్రం అందరితో కూర్చుని తింటారు. ఆ లెక్కన మేము హాన్స్ రైస్ట్ పక్షమే అన్నమాట.

మీరు గమనించారో లేదో, ప్రభువు బల్లకూ, అన్నం తినే బల్లకూ తెలుగు క్రైస్తవులకు ఒక్కటే మాట. 1693 నాటి గొడవను మీ కథలో పిల్లలకు వివరించాలంటే 'ఏ బల్ల?' అన్న ఒక్క ప్రశ్న చాలు.

'వెలి' గురించి కూడా ఒక సంగతి. మన పాత తెలుగు బైబిలులో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, ఆమిష్‌లు ఈ కట్టుబాటుకు ఆధారంగా చూపే చోటనే, 'వెలివేయుడి' అన్న మాట ఉంది. కాని దానికి రెండు వచనాల ముందు, అటువంటివానితో భోజనం కూడా చేయకూడదన్న మాట వేరుగా ఉంది. మీరు చెప్పిన బాన్ ఒక వచనంలో, మైడుంగ్ ఒక వచనంలో ఉన్నాయి. కాబట్టి ఆరాధనలో బిషప్పు ప్రకటించేటప్పుడు 'వెలి' ఉండనివ్వండి. అది మా చెవులకు లేఖనంలాగే వినిపిస్తుంది.

ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుని జవాబు

అమ్మా, నీ సందేహం చాలా సున్నితమైనది. 'వెలి' అంటే మొదట 'బయట' అని మాత్రమే అర్థం. తమిళంలో వెళి అన్నా ఆరుబయలే. గజేంద్ర మోక్షంలో పోతన 'ఒకపరి జగములు వెలినిడి యొకపరి లోపలికిఁ గొనుచు' అన్నప్పుడు అందులో శిక్ష లేదు, అవమానం లేదు. లోకాలను బయట పెట్టడం, లోపలికి తీసుకోవడం, అంతే. బ్రౌణ్యం, అంటే బ్రౌన్ దొర నిఘంటువు, నాటికి బయట అన్న అర్థం పక్కనే కులం నుంచి తొలగించడమన్న అర్థం కూడా చేరి ఉంది. ఎంత దూరం వచ్చినా ఆ మాటలో గడప ఉంటుంది. గడప దాటించనిదే వెలి లేదు. నీ పిల్ల గడప దాటలేదు కనుక ఆ మాట నీకు అడ్డం తిరిగింది.

నువ్వు నామవాచకం వెతుకుతున్నావు, క్రియను వెతికి చూడు. మన ఇళ్ళలో 'ఇచ్చిపుచ్చుకోవడం' అని జంటగా అంటాం. వియ్యమందడానికీ అదే మాట, పొరుగింటితో చేబదులుకూ అదే మాట. నువ్వు వర్ణించిన కట్టుబాటులో ఆ జంట విడిపోయింది. ఇవ్వవచ్చు, పుచ్చుకోకూడదు. 'నీ చేతిది పుచ్చుకోను' అని ఆ తల్లి చేత అనిపించు. కాఫీ పుచ్చుకోండి, భోజనం పుచ్చుకోండి అన్న మర్యాద కూడా మనకు ఉంది కనుక బల్ల మీది తిండీ, చేతిలోని గ్లాసూ రెండూ ఆ ఒక్క క్రియలోకి వస్తాయి. మా అమ్మమ్మ మైల ఉన్న రోజుల్లో చెంబు నేల మీద పెట్టి జరిగి నిలబడేది, అప్పుడు గాని మా అమ్మ దాన్ని తీసేది కాదు. ఆ వయసులో నాకు కారణం తెలియదు, చెంబు నేలను తాకినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

మరొక సభ్యురాలి జవాబు

మేడమ్, బిషప్పు నోట కూడా 'వెలి' ఉండాలా అని ఒకసారి ఆలోచించమని నా మనవి. 2016లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి పంపించివేసిన దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న శిబిరానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. మాకు అది నిఘంటువులో మాట కాదు, ఊరికి ఏ దిక్కున ఇల్లు కట్టుకోవాలో చెప్పిన మాట. మీ కథలో పిల్ల మాట ఇచ్చి తప్పింది. మోకరించి ఒప్పుకుంటే మళ్ళీ పెద్ద బల్ల దగ్గరికి రావచ్చు. వెలివాడలో పుట్టినవారు ఏ మాటా ఇవ్వలేదు, ఏ మాటా తప్పలేదు, ఏ ఒప్పుకోలుతోనూ ఊళ్ళోకి రాలేకపోయారు. ఈ తేడా తెలియని పిల్లలు మీ నవల చదివి రెండూ ఒకటే అనుకుంటే నాకు బాధగా ఉంటుంది. అయితే 'పుచ్చుకోకపోవడం' అన్న సూచన నాకు నచ్చింది. చేతిది అందుకోకపోవడం ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలు మన దగ్గర ఇంకా ఉన్నారు. వారికి ఆ పేజీ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి టపా రాసిన నా జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల చిక్కు మూడు రోజుల్లో విడిపోయింది.

మాస్టారూ, 'నీ చేతిది పుచ్చుకోను' అన్న వాక్యాన్ని ఏడో అధ్యాయంలో పెట్టి పైకి చదివాను. చదువుతుండగా నా గొంతే మారింది. తల్లి ఆ మాటను కోపంగా అనదు. వేడి పళ్ళెం పట్టుకుని కూతురు ఎదురుగా నిలబడితే, వేళ్ళు కాలుతున్నాయని తెలిసి కూడా చేతులు ముందుకు చాపకుండా ఆ మాట అంటుంది. మీ అమ్మమ్మగారి చెంబు చప్పుడును, మీరు అనుమతిస్తే, పళ్ళెం బల్లను తాకే చప్పుడుగా మార్చి వాడుకుంటాను. పాలమూరు తమ్ముడూ, మీ వైపు 'పుచ్చుకొను' అన్న మాట అంతగా వినిపించదనీ, 'తీసుకోను' అంటారనీ నాకు తెలుసు. అయినా 'తీసుకోవడం' బలవంతంగా లాక్కోవడానికి కూడా సరిపోతుంది, 'పుచ్చుకోవడం'లో ఎదుటివారు ఇస్తున్నారన్నది కలిసే ఉంటుంది. నాకు ఆ ఇవ్వడం కావాలి.

సోదరీ, మీరు చెప్పినది రెండు రాత్రులు ఆలోచించాను. బిషప్పు ప్రకటనలో 'వెలి' తీసేసి, 'సంఘం నుంచి తీసివేయడమైనది' అని రాశాను. లేఖనాన్ని చదివే ఒక్కచోట మాత్రం 'వెలివేయుడి' అలాగే ఉంటుంది, అది నేను మార్చదగినది కాదు. మోకరించి ఒప్పుకుంటే తిరిగి రావచ్చన్న తేడాను మీరు ఎత్తిచూపాక నాకు కథలో ఇంకో దారి తెరుచుకుంది. ఆ పిల్లకు తలుపు ఎప్పుడూ మూసి లేదు. చూసింది చూడలేదని ఒక్క మాట చెబితే ఆ రాత్రికే తల్లి పక్కన కూర్చుని తినవచ్చు. కొట్టంలోని దానికీ సరిగ్గా అదే కావాలి, ఆమె తనను చూడలేదని అందరి ముందూ చెప్పడం.

మిగిలిన మాటల్లో రెండింటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఆమిష్‌లు తమవారు కాని వారందరినీ 'ఇంగ్లీషువారు' అంటారు, ఆ లెక్కన లాంకాస్టర్ సంతలో కూరగాయలు కొనే మా తెలుగు కుటుంబం కూడా వారికి ఇంగ్లీషే. దీన్ని 'బయటివారు' అని మార్చకుండా అలాగే ఉంచుతున్నాను, మొదటి అధ్యాయంలోనే ఒక సంభాషణలో అర్థం తెలిసిపోతుంది. రెండోది, పెన్సిల్వేనియా జర్మన్ పల్లెల్లో మంత్రం చదివి రోగం నయం చేసే 'బ్రౌఖెరై' అనే పాత పద్ధతి. దాన్ని చేతబడి అనడం అన్యాయం, మన దిష్టి తీయడానికే అది దగ్గర. కొట్టాల గోడల మీద కనిపించే రంగురంగుల నక్షత్రాల బొమ్మలు ఆమిష్‌లవి కావు, అదే ప్రాంతపు లూథరన్, రిఫార్మ్‌డ్ జర్మన్ రైతులవి. కనుక అవి నా కథలోకి రావు.

గ్లాసు సన్నివేశాన్ని తిరిగి రాశాను. మీ అందరి మాటలతో వచ్చింది కనుక ఇక్కడే పెడుతున్నాను.

'బల్ల అంచు కోసం ఎడమచేత్తో తడుముకుంది. గ్లాసులో నీళ్ళు కొద్దిగా తొణికి మణికట్టు మీద పడ్డాయి. దించబోతుండగా అవతలి నుంచి చల్లని వేళ్ళు వచ్చి గ్లాసును పుచ్చుకున్నాయి. అమ్మా, అంది పిల్ల, ఏడుపు ఆపుకుంటూ. మేడ మీద అమ్మ నిద్రలో దగ్గడం వినిపించింది.'