ఉన్నది ఒక్క గంట: నిద్రకా, నడకకా, పిల్లాడికా?

ఐదున్నర అలారం:
రెండు నెలలుగా పొద్దున ఐదున్నరకే లేచి గంటసేపు నడుస్తున్నాను. రాత్రి పడుకునేసరికి పన్నెండవుతుంది. నడుము నొప్పి బాగా తగ్గింది, అందులో సందేహం లేదు. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు వాలిపోతున్నాయి. సాయంత్రం ఇంట్లో ఎవరేం మాట్లాడినా కసురుకుంటున్నాను. మొన్న మా అబ్బాయి లెక్క అడగడానికి నోట్‌బుక్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. నా మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. నడక మానేసి ఆ గంట నిద్రపోదామనుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం మానొద్దంటోంది. మీరేమంటారు?

నడక మనిషి:
మానొద్దండీ. నేను రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ మళ్లీ బూట్లు కట్టుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని చెప్పింది. బీపీకీ, షుగర్‌కీ, మనసుకీ కూడా మంచిదే. నడిచే వాళ్లకు రాత్రి నిద్ర కూడా బాగా పడుతుంది. కొన్నాళ్లు ఓపిక పట్టండి.

నైట్ షిఫ్ట్:
నేను ఒప్పుకోను. ఈయనకు నిద్ర పట్టక కాదు, నిద్రపోయే టైమే లేక ఇబ్బంది. ఐదున్నర గంటల నిద్ర మీద ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? పెద్దవాళ్లకు రాత్రికి 7 గంటలకు తగ్గకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2015లోనే చెప్పింది.

2003లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. కొందరిని రెండు వారాల పాటు రోజూ 6 గంటలకు మించి పడుకోనివ్వలేదు. చివరికి వాళ్ల చురుకుదనం, రాత్రంతా అస్సలు నిద్రపోని వాళ్ల స్థాయికి పడిపోయింది. భయపెట్టే విషయం ఏంటంటే, తాము అంత మందగించామని వాళ్లకే సరిగా తెలియలేదు. నాకూ తెలియలేదు. వరసగా నైట్ షిఫ్టులు చేసిన రోజుల్లో ఒకసారి గ్రీన్ సిగ్నల్ పడ్డా బండి మీద కాలు కింద పెట్టి అలాగే నిలబడిపోయాను. వెనక హారన్లు మోగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. అప్పటిదాకా ‘నేను బాగానే ఉన్నాను’ అని అందరితో అనేవాణ్ని.

మీ నడుముకు వేసిన మందు మీ కోపానికి ఆజ్యం పోస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

నలుగురిలో ఒకతి:
ఇద్దరూ ఒంటి గురించే మాట్లాడుతున్నారు. ఆయన రాసిన దాంట్లో నాకు గుచ్చుకున్నది ఆ గుమ్మం దగ్గరి పిల్లాడు. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళిలోనే ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా బాగుండటమనీ రాసుకున్నారు. మనం మొదటి దాన్ని అడుగుల్లో, గంటల్లో కొలుస్తాం. మూడోది కొలతకు అందదు కాబట్టి లెక్కలోకే రాదు. అన్నయ్యా, సాయంత్రం బాబుని తీసుకుని నడవండి, దారిలో లెక్కలు చెప్పండి.

నైట్ షిఫ్ట్:
నడకలో లెక్కలు చెప్తే నడకా సాగదు, లెక్కా బుర్రకెక్కదు. పిల్లాడికి కావాల్సింది తండ్రి పక్కన కూర్చోవడం. అసలు సంగతి ఎవరూ అడగలేదు: పన్నెండు దాకా ఏం చేస్తారండీ?

ఐదున్నర అలారం:
దాచడం ఎందుకు? పని పదిన్నరకు అయిపోతుంది. ఆ తర్వాత ఫోన్. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆ గంటన్నర నాది. ఎవరూ ఏమీ అడగరు. అది కూడా పోతే ఊపిరాడదేమో అనిపిస్తుంది.

నైట్ షిఫ్ట్:
చోటు అక్కడుంది. అందులో గంట నిద్రకు ఇవ్వండి.

నలుగురిలో ఒకతి:
అంత తేలిగ్గా తీసెయ్యకండి. రోజంతా ఎవరికో ఒకరికి జవాబు చెప్పే మనిషికి, తనకంటూ కాస్త ఏకాంతం కావాలి. అది కూడా బాగోగుల్లో భాగమే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేను బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఐదు నిమిషాలు ఊరికే నిలబడేదాన్ని. ఆ ఐదు నిమిషాలు లేని రోజు పిల్లల మీద చెయ్యి లేచేది. ఏకాంతం ఉంచుకోండి, ఫోన్ మాత్రం పక్కన పెట్టండి. వేలితో తెర తోస్తూ ఉంటే గంటన్నర గడిచినా తీరిక దొరికినట్టు ఉండదు.

నడక మనిషి:
పడుకునే టైము జరుపుకుంటే నాకేం అభ్యంతరం లేదు. పొద్దున నడక మాత్రం కదపొద్దు. సాయంత్రానికి వాయిదా వేసిన నడక జరగదు, ఇది నా అనుభవం.

ఐదున్నర అలారం:
ఒక్కటి మాత్రం మీ మాట వినలేనండీ. ఆరున్నరకు లేచి అరగంటే నడుస్తాను, మిగతాది పగలు ముక్కలుగా. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతుని 2020 మార్గదర్శకాల్లోనే తీసేశారు కదా. పదకొండుకి లైట్ ఆర్పేస్తాను. పదిన్నర నుంచి ఆ అరగంట మాత్రం నాదే, ఫోన్ హాల్లో ఉంటుంది. నెల తర్వాత నడుము ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.

మావాడి గదిలో ఇంకా లైట్ వెలుగుతోంది. ఆ లెక్క అయిందో లేదో కనుక్కుంటాను.