వీధి పేరు మార్చడమంటే చరిత్రను చెరిపేయడమేనా?

పాతపటం:
ఏ నగరంలోనైనా పాత వీధి పేరు తీసేశారని చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పేర్లలో మరే రాతకోతల్లోనూ దొరకని సమాచారం ఉంటుంది. లండన్‌లో చీప్‌సైడ్ చుట్టూ బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్, పౌల్ట్రీ అని వీధులున్నాయి. మధ్యయుగాల్లో అక్కడ పెద్ద బజారు ఉండేది. ఎక్కడ రొట్టెలు అమ్మేవారో, ఎక్కడ పాలు, ఎక్కడ కోళ్లు అమ్మేవారో ఆ పేర్లే ఇప్పటికీ చెబుతున్నాయి. న్యూయార్క్ వాల్ స్ట్రీట్ చూడండి. డచ్ వాళ్లు 1653లో తమ చిన్న ఊరికి ఉత్తరాన రక్షణ గోడ కట్టారు. 1699లో ఇంగ్లిష్ వాళ్లు దాన్ని కూల్చేశారు. గోడ పోయి మూడు వందల ఏళ్లు దాటినా, ఒకప్పుడు ఊరి పొలిమేర ఎక్కడుండేదో ఆ పేరు చూస్తే తెలిసిపోతుంది. అందుకే నా మాట ఒక్కటే: ఉన్న పేరును ముట్టుకోకూడదు. కొత్తగా ఎవరినైనా గౌరవించాలంటే కొత్త రోడ్లు వేస్తూనే ఉన్నారుగా, వాటికి పెట్టండి. దీన్ని కాదనేవాళ్లు కారణాలు చెప్పండి, వింటాను.

రెండోవైపు:
పాతపటం గారూ, మీరు చెప్పిన పేర్లను మార్చమని ఎవరూ అడగడం లేదండీ. బజారు పేరు, గోడ పేరు జనం నోట్లో పుట్టినవి. గొడవంతా మనుషుల పేర్ల దగ్గరే. అవి పుట్టవు, ఎవరో కూర్చుని పెడతారు. పెట్టేది అధికారంలో ఉన్నవాళ్లు.

పారిస్ నడిబొడ్డున ఉన్న చౌక్ సంగతే తీసుకోండి. మొదట పదిహేనో లూయీ పేరు. 1792లో విప్లవం పేరు పెట్టారు, మరుసటి ఏడాది పదహారో లూయీ తల నరికింది అక్కడే. 1795కల్లా కాంకార్డ్ అన్నారు. ఇందులో 'అసలు' పేరు ఏది? ఏది తీస్తే చరిత్ర పోతుంది?

ఇంకో ఉదాహరణ బెర్లిన్‌ది. కార్ల్ పీటర్స్ అనే ఆయన తూర్పు ఆఫ్రికాలో జర్మన్ వలస పాలనకు పునాది వేసినవాడు. అక్కడి ప్రజల మీద చేసిన అఘాయిత్యాలకు 1897లో సొంత ప్రభుత్వమే ఉద్యోగంలోంచి తీసేసింది. అలాంటివాడి పేరుతో 1939లో నాజీల కాలంలో పీటర్స్‌అల్లే అని ఒక రోడ్డు వెలసింది. 1986లో ఏం చేశారో తెలుసా? పేరు అలాగే ఉంచి, ఇది ఆ పీటర్స్ కాదు, నాజీలను ఎదిరించిన హాన్స్ పీటర్స్ అన్నారు. చివరికి 2024లో ఆ రోడ్డుకు రెండు కొత్త పేర్లు వచ్చాయి. ఒక భాగానికి 1905లో జర్మన్ పాలన మీద మొదలైన 'మాజీ మాజీ' అనే తిరుగుబాటు పేరు, ఇంకో భాగానికి నమీబియాలో 1959 నిరసనలో ప్రాణాలు కోల్పోయిన అన్నా ముంగుండా పేరు. ఇక్కడ చరిత్ర చెరిగిపోయిందంటే నేను ఒప్పుకోను. ఆ రోడ్డు గురించి జనం నిజంగా చదువుకున్నది ఈ గొడవ వల్లే.

పాతపటం:
మంచి ఉదాహరణే. కానీ అందరూ అంత ఆలోచించి మారుస్తారా? కలకత్తాలో హారింగ్టన్ స్ట్రీట్‌ను వియత్నాం యుద్ధం రోజుల్లో హో చి మిన్ సరణిగా మార్చారు. అమెరికా కాన్సులేట్ ఉన్న వీధి అది. హో చి మిన్ మీద నాకు గౌరవమే. అయినా అది ఎవరినో ఉడికించడానికి చేసిన పనిలాగే కనిపిస్తుంది. తూర్పు బెర్లిన్‌లో 1949లో ఒక పెద్ద రోడ్డుకు స్టాలిన్ పేరు పెట్టారు, 1961లో పీకేసి కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు. పన్నెండేళ్లకే! ఈ తలుపు ఒకసారి తెరిస్తే ప్రతి ప్రభుత్వమూ తన లిస్టు పట్టుకుని వస్తుంది. ఢిల్లీలో కింగ్స్‌వే రాజ్‌పథ్ అయింది, 2022లో కర్తవ్య పథ్ అయింది. ఇంకో యాభై ఏళ్లకు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

నడకదారి:
మీ ఇద్దరూ బోర్డు గురించే మాట్లాడుతున్నారు. జనం వాడుక వేరే దారిలో పోతుంది కదండీ. న్యూయార్క్‌లో సిక్స్త్ అవెన్యూకు 1945లో అవెన్యూ ఆఫ్ ది అమెరికాస్ అని పేరు పెట్టారు. ఊరివాళ్లు ఈ రోజుకీ సిక్స్త్ అవెన్యూ అనే అంటారు. ఢిల్లీ కనాట్ ప్లేస్‌కు 1995లో రాజీవ్ చౌక్ అన్నారు. అక్కడి బజారు ఇంకా సీపీనే. రాజీవ్ చౌక్ అనే పేరు జనం నోళ్లలో నానిందంటే మెట్రో స్టేషన్ పుణ్యమే, రోజూ అనౌన్స్‌మెంట్‌లో వింటారు కాబట్టి.

నా టెన్షన్ వేరే. పాత దస్తావేజులో ఒక వీధి పేరుంటుంది, ఇప్పటి మ్యాప్‌లో అది ఉండదు. ఇల్లు కొనేవాళ్లూ, తాతల నాటి అడ్రసు వెతికేవాళ్లూ అక్కడే ఆగిపోతారు. మార్చండి, మార్చకపోండి. పాత పేరు, కొత్త పేరు, మార్చిన తేదీ ఉన్న రిజిస్టర్ ఎవరైనా చూసుకునేలా ఉంచండి. జర్మనీలో పాత బోర్డు మీద ఎర్ర గీత కొట్టి, కొత్తదాని పక్కనే కొంతకాలం ఉంచుతారు. అదేమంత ఖర్చు కాదు.

గడపలోపల:
ఒక విషయం ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. కులం పేరుతో ఉన్న వీధులు. 2025లో తమిళనాడు ప్రభుత్వం వీధులకు, రోడ్లకు, చెరువులకు ఉన్న కులం పేర్లు తీసేయాలని ఉత్తర్వు ఇచ్చింది. పాతపటం గారి సూత్రం ప్రకారం అవీ జనం నోట్లో పుట్టిన పేర్లే, అవీ సమాచారమే. కానీ అక్కడ పుట్టిన పిల్ల ఉద్యోగం అప్లికేషన్‌లో అడ్రసు రాయగానే, ఆమె మొహం చూడకముందే ఎవరో ఒక అంచనాకు వచ్చేస్తారు. ఆమెకు అది గతం కాదు. రేపు ఉదయం ఇంటర్వ్యూ. రెండోవైపు గారూ, జనం పెట్టిన పేర్లతో గొడవ లేదన్నారు మీరు. ఉందండీ, చాలా ఉంది.

పాతపటం:
గడపలోపల గారూ, ఆ పేర్ల విషయంలో నేను వాదించను. అవి పోవాల్సిందే. బతికున్నవాళ్లను గాయపరిచే పేరు వేరు, చచ్చిపోయిన దొర పేరు వేరు.

దొరల పేర్లకు మాత్రం వియన్నా పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ వివాదం ఉన్న వీధి పేర్ల మీద చరిత్రకారులతో నివేదిక రాయించారు. చాలాచోట్ల పేరు ఉంచి, ఆ మనిషి ఏం చేశాడో చెప్పే ఫలకాన్ని బోర్డు కింద తగిలించారు. పేరూ ఉంటుంది, నిజమూ ఉంటుంది.

రెండోవైపు:
గడపలోపల గారి మాట నిజం, నా గీత ఇంకా జాగ్రత్తగా గీయాలి.

వియన్నా సంగతికి వస్తే, అదే నగరం 2012లో రింగ్ రోడ్డులో కార్ల్ లూగర్ పేరున్న భాగాన్ని యూనివర్సిటీ రింగ్‌గా మార్చింది కదా. 1897 నుంచి 1910 దాకా మేయర్‌గా ఉండి, నీళ్లూ గ్యాసూ ట్రాములూ బాగుచేసినా, యూదుల మీద ద్వేషంతో ఓట్లు దండుకున్న నాయకుడాయన. ఫలకం చాలనుకుంటే ఆ రోడ్డుకూ ఒకటి తగిలించి ఊరుకునేవాళ్లు. ఫలకం చదివేది అక్కడ ఆగి నిలబడినవాడు. పేరు మాత్రం కవరు మీద, బిల్లు మీద, బడి సర్టిఫికెట్ మీద వెళ్తుంది, ఫలకం దాని వెంట వెళ్లదు. ఆ వీధిలో ఉండే యూదు కుటుంబం రోజూ రాసేది పెద్దక్షరాల్లో ఉన్నదే. చచ్చిపోయిన దొర పేరు ఎవరినీ గాయపరచదని మనం బయట నుంచి ఎలా తేలుస్తాం? ముందు అక్కడ ఉండేవాళ్లను అడగాలి. పీటర్స్‌అల్లే విషయంలో మీరైతే 1939 పేరు ఉంచేవారా, తీసేవారా? సూటిగా చెప్పండి.