గేలిక్ పేరుకు అర్థం: ఊరివారు చెప్పింది రాయాలా, భాషావేత్త చెప్పింది రాయాలా?

పీట్‌పొగ: స్కాట్లండ్‌కు చెందిన, గేలిక్ అనే స్థానిక భాష మాట్లాడే లూయిస్ దీవిలో, లోక్స్ పారిష్‌లో ఉంటున్నాను. మా పొరుగున ఉన్న పెద్దాయన గొర్రెలు కాస్తూ చెప్పే గుట్టల పేర్లను, వాగుల పేర్లను రెండేళ్ళుగా రాసుకుంటున్నాను. ఒక ‘క్నోక్’, అంటే గుట్ట మీద పూర్వం పెళ్ళికూతురు తప్పిపోయిందని, పేరు అందుకే వచ్చిందని ఆయన అన్నారు. జాబితా సరిచూసిన భాషావేత్త మాత్రం, పేరులోని రెండో మాట పూర్వం అక్కడ స్థిరపడిన వైకింగుల పాత నార్స్ భాషదని చెప్పి ఆ కథను కొట్టివేశారు. అర్థం గడిలో ఏది ఉంచాలి?

కొలబద్ద: భాషావేత్త మాటే ఉంచండి. మీ పారిష్‌లోని లూర్‌బోస్ట్ పేరులో చివరి ‘బోస్ట్’ కూడా సేద్యపు క్షేత్రమనే అర్థమున్న నార్స్ మాట నుంచి వచ్చిందే. వైకింగుల పేర్లకు తర్వాతి గేలిక్ జనం తమ మాటల్లో అర్థం వెతుక్కోవడం సహజమే గాని, దాన్ని అర్థమని నమోదు చేయడం తప్పు.

చుక్కలముగ్గు: ‘క్నోక్’ అని రాశారేమిటి? అక్కడ ‘న’ను ‘ర’గా పలుకుతారు కదా.

కొలబద్ద: రాత వేరు, పలుకు వేరు, పటంలో ఉన్నది ‘న’కారమే. చెవికి వినబడినట్టల్లా రాసుకుంటూ పోతే రేపు ఒకే గుట్టకు నాలుగు పేర్లు పుడతాయి.

గట్టుచేను: పుట్టనివ్వండి. 1848–1852 మధ్య బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారు ఆ దీవిలో నింపిన పేర్ల పుస్తకాల్లో రకరకాల వర్ణక్రమాలకు ఒక గడి, వాటికి సాక్ష్యమిచ్చిన వారికి మరొక గడి ఉండేవి. అక్కడి పేర్లలో వచ్చే ‘ఆరీ’ అనే గేలిక్ మాటకు నిఘంటువులో అర్థం వేసవిలో పశువులను తోలుకెళ్ళి ఉండే గుడిసె. అది ఎవరి గుడిసో ఆ పెద్దాయనే చెప్పాలి. మా నాయనమ్మ ‘దొరువు చెక్క’ అనే చేను నేడు పాసుపుస్తకంలో ఒట్టి సర్వే నంబరు. పేరు కూడా రాయమంటే ఆధారం చూపమన్నారు. మీరూ ఆ గుమాస్తా లాగే మాట్లాడుతున్నారు.

కొలబద్ద: నన్ను గుమాస్తాను చేసినా సరే, ఒకటి అడుగుతాను. ఒక్క మనిషి చెప్పిన కథ ఊరి మాట ఎలా అయింది? ఇంకెవరినైనా అడిగారా?

పీట్‌పొగ: అడిగాను. ఎదురింటి ఆవిడ వేరే సంగతి చెప్పారు. పెద్దాయన నా కోసం ఇంగ్లీషులో చెప్పారు, ఆవిడ గేలిక్‌లో చెప్పారు. నాకు సగమే అర్థమై రాయడం మానేశాను.

గట్టుచేను: అంటే ఆవిడ కథను కొట్టివేసింది భాషావేత్త కాదు, మీరే.

పీట్‌పొగ: అవును. రేపు ఆదివారం, ఇక్కడ ఆ రోజు ఇలాంటి పని పెట్టుకుంటే బాగుండదు. సోమవారం ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్తున్నాను. గేలిక్ వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్తాను.