అప్‌డేట్: నడుము నొప్పి, ఎడమ కాలు లాగడం (సర్జరీ లేకుండానే తగ్గింది)

రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను: నడుము నుంచి ఎడమ కాలి బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు నొప్పి, ఒక ఆసుపత్రిలో వెంటనే కీహోల్ సర్జరీ (చిన్న కోతతో చేసే ఆపరేషన్) అంటున్నారు, చేయించుకోవాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఇంకో డాక్టరుకు చూపించండి" అన్న సలహానే పనిచేసింది. పంజాగుట్టలో ఒక స్పైన్ సర్జన్ ఎంఆర్ఐ కంటే ముందు నన్ను చూశారు. పడుకోబెట్టి కాలు పైకెత్తారు, మడమల మీద నడిపించారు, బొటనవేలి బలం చూశారు. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు జారి, కాలిలోకి వెళ్లే ఎల్5 నరాన్ని నొక్కుతోంది. కానీ కాలి బలం తగ్గలేదు కాబట్టి తొందర లేదన్నారు. ఇలాంటివి చాలావరకు 6 నుంచి 12 వారాల్లో సర్దుకుంటాయట. పాదం పైకెత్తలేక వాలిపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి రమ్మన్నారు.

మూడు వారాలు మందులు వాడినా నిద్ర పట్టలేదు. అప్పుడు నర్వ్ రూట్ బ్లాక్ చేశారు. సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ నరం పక్కన మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇంజెక్షన్. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. రెండు రోజులు తేడా లేక డబ్బులు దండగే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున వంగి సాక్సు తొడుక్కున్నాను! ఈ ఇంజెక్షన్ డిస్కును వెనక్కి నెట్టదు, వాపు తగ్గించి ఫిజియో చేసుకునే వీలు ఇస్తుంది, అంతే.

అప్పట్లో కొందరు చెప్పిన యూరిక్ యాసిడ్ టెస్టుకూ, కొత్త పరుపుకూ ఈ నొప్పితో సంబంధమే లేదు. పరుపు ఇప్పుడు మా అత్తయ్యగారి గదిలో ఉంది. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు బండి మానేసి మెట్రోలో వెళ్తున్నాను. గంట దాటి కూర్చుంటే ఇంకా కాస్త లాగుతోంది.