నారాయణగిరి శ్రీవారి పాదాలకు నడిచి వెళ్లడం ఎలా?

తిరుమలలో గుడి దగ్గర నుంచి పాదాల దాకా అడవి రోడ్డులో నడవాలని ఉంది. అమ్మకు 60 ఏళ్లు. గోగర్భం జలాశయం కూడా అదే దారిలో వస్తుందా?

జవాబు 1: రాదండీ. గోగర్భం పాపవినాశనం రోడ్డులో ఉంది, దాన్ని విడిగా పెట్టుకోండి. పాదాలకు ఒక వైపు నాలుగైదు కిలోమీటర్లు, శిలాతోరణం వైపు నుంచి వెళ్లాలి. పోయేటప్పుడు ఎక్కుడే, కాబట్టి అమ్మగారిని మొదటి అరగంట మాట్లాడుతూ నడవగలిగే వేగంలోనే నడిపించండి. మొదట్లో తొందరపడితే పైకి చేరేసరికి పిక్కలు పట్టేస్తాయి.

జవాబు 2: ఉదయం ఏడుకల్లా బయలుదేరండి. ఎండెక్కాక తారు, రాయి రెండూ సెగలు కక్కుతాయి. మనిషికి లీటరున్నర నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి, కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం. తినేవి సంచిలోపలే ఉంచండి, చేతిలో కవరు కనబడితే కోతులు లాగేస్తాయి.

జవాబు 3: అన్నా, దిగేటప్పుడే మోకాళ్లకు దెబ్బ. అడుగులు చిన్నవిగా, మోకాలు కొంచెం వంచి వేయమనండి, చేతికర్ర ఇవ్వండి. ముఖ్యంగా రోడ్డు దిగి పొదల్లోకి పోవద్దు. ఇది శేషాచలం, చిరుతలు తిరిగే అడవి. పిల్లలుంటే చెయ్యి వదలకండి, మసక పడకముందే వెనక్కి వచ్చేయండి.